రెండు యాంటెన్నాలు కలిపితే సిగ్నల్ రెట్టింపు కాదు తమ్ముడూ: బోటు మీద జీపీఎస్ మాడ్యూల్‌కి యాంటెన్నా తగిలించడం గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి నువ్వు రాసింది క్లుప్తంగా మళ్లీ చెబుతా. జువ్వలదిన్నెలో మీ మామయ్య ఫైబర్ బోటు కోసం ఒక జీపీఎస్ మాడ్యూల్‌తో బోటు తిరిగిన దారి రాసుకునే లాగర్ కట్టావు. కావలిలో మీ మిద్దె మీద పన్నెండు శాటిలైట్లు పట్టిన అదే మాడ్యూల్ బోటు మీద నాలుగైదు దగ్గరే ఆగిపోతోంది. బోటు వైర్‌లెస్, అదే వీహెచ్ఎఫ్ సెట్లో మాట్లాడినప్పుడు ఆ ఉన్న ఫిక్స్ (దొరికిన స్థానం) కూడా పోతోంది. సరే అని ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టి రెండు యాంటెన్నాలూ, రెంటినీ ఒకటిగా కలిపే టీ కనెక్టర్‌తో కలిపావు, అది ఇంకా పాడైంది. మన దేశపు సొంత జీపీఎస్ లాంటి నావిక్‌ని పట్టుకుంటుందని ఇంకో మాడ్యూల్ కొన్నావు, అందులో నావిక్ శాటిలైట్ ఒక్కటీ కనపడలేదు. చివరికి, బోటు ముందు భాగం నుంచి ఇంజను గది దాకా పన్నెండు మీటర్ల కేబుల్ కావాలి, ఏది వాడను అని అడిగావు.

నేను నెల్లూరులో పాతికేళ్లుగా బోట్ల వైర్‌లెస్ సెట్లు, ఎకో సౌండర్లు, లారీల ట్రాకర్లు బాగుచేస్తున్నాను. నువ్వు చేసిన తప్పుల్లో నేను చేయనిది ఒక్కటీ లేదు. అందుకని కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ టీ కనెక్టర్ పీకి పక్కన పెట్టు. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. నీ రెండు యాంటెన్నాల మధ్య దూరం ఆరు మీటర్లు. ఒక శాటిలైట్ నుంచి వచ్చే తరంగం ముందున్న యాంటెన్నాకి ఒక క్షణంలో తగిలితే, వెనకున్న దానికి ఇంకో క్షణంలో తగులుతుంది. రెండూ టీ దగ్గర కలిసేటప్పుడు ఒకదాని ఎత్తు, ఇంకొకదాని పల్లం ఎదురైతే ఒకదాన్నొకటి మింగేస్తాయి. బోటు పది సెంటీమీటర్లు ఊగితే చాలు, ఇందాక కలిసినవి ఇప్పుడు కొట్టుకుంటాయి. ఊరి తిరునాళ్లలో రెండు చివర్లా రెండు మైకులు పెట్టి ఒకటే పాట వేస్తే మధ్యలో నిలబడ్డవాడికి మాట అర్థం కాదు కదా, అదీ సంగతి.

అంతేకాదు. మాడ్యూల్ లెక్కకట్టే స్థానం యాంటెన్నా ఉన్న చోటుది, డబ్బా ఉన్న చోటుది కాదు. రెండు యాంటెన్నాలు కలిపితే అది ఏ చోటు లెక్కకట్టాలి? ఒక శాటిలైట్ ముందు యాంటెన్నాలో బలంగా ఉంటుంది, ఇంకొకటి వెనక దానిలో. లెక్క ఎటూ కాకుండా పోతుంది. పైగా రెండు యాంటెన్నాల్లో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ల నాయిస్ (రొద) కలుస్తుంది, సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు 50 ఓమ్స్ ఉండాల్సిన చోట 25 అవుతుంది, మాడ్యూల్ ఇచ్చే కరెంటు రెండింతలు అవుతుంది. ఇన్ని నష్టాలకి లాభం సున్నా.

రెండు యాంటెన్నాలు తగిలించే మాడ్యూళ్లు ఉన్నాయి, లేవని కాదు. వాటిలో రెండు వేరు వేరు ఇన్‌పుట్లు ఉంటాయి, లోపల రెండు రిసీవర్లు ఉంటాయి. రెండు స్థానాల తేడా నుంచి బోటు ముక్కు ఏ దిక్కుకి తిరిగిందో చెప్పడానికి అవి. కదలకుండా నిలబడ్డ బోటుకి కూడా దిక్కు చెబుతాయి. నీ దగ్గరున్నది అది కాదు. ఇంకో రకం గందరగోళం 4జీ మాడ్యూళ్లలో ఉంది. వాటి మీద చిన్న బొత్తాల్లాంటి కనెక్టర్లు మూడుంటాయి: మెయిన్, రెండో 4జీ యాంటెన్నాకి ఇంకొకటి, జీపీఎస్‌కి మూడోది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి. జీపీఎస్ యాంటెన్నాని మెయిన్‌కి తగిలించి "పనిచేయట్లేదన్నా" అని మా షాపుకి వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది.

ఇక అసలు విషయం. చాలామందికి యాంటెన్నా వైరు అంటే సిగ్నల్ మోసే వైరు అనే తెలుసు. జీపీఎస్ యాంటెన్నా వైరులో రెండు ప్రయాణాలు జరుగుతాయి. సిగ్నల్ పైనుంచి కిందికి వస్తుంది, కరెంటు కిందనుంచి పైకి వెళ్తుంది. నువ్వు కొన్న అయస్కాంతం యాంటెన్నా లోపల ఒక పింగాణీ బిళ్ల ఉంటుంది, 25 మిల్లీమీటర్ల చదరం. దాని వెనకాలే ఒక చిన్న యాంప్లిఫయర్. ఆ యాంప్లిఫయర్‌కి వేరే వైరు లేదు. మాడ్యూల్ అదే కేబుల్‌లో 3 వోల్టులో, 3.3 వోల్టులో పంపితేనే అది బతుకుతుంది. దీన్నే యాక్టివ్ యాంటెన్నా అంటారు. బిళ్ల ఒక్కటే ఉండి, యాంప్లిఫయర్ లేకపోతే అది పాసివ్.

యాంప్లిఫయర్ తల దగ్గరే ఎందుకుండాలి? శాటిలైట్ ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉంది. నేలకి చేరేసరికి సిగ్నల్ సుమారు మైనస్ 130 డీబీఎం. డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, పది తగ్గితే బలం పదో వంతు అయినట్టు; ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనేదాన్ని డీబీల్లో చెబుతారు. రిసీవర్ చూసే రెండు మెగాహెర్ట్జ్ వెడల్పులో ప్రకృతిలో సహజంగా ఉండే నాయిస్సే మైనస్ 111 డీబీఎం ఉంటుంది. అంటే సిగ్నల్ నాయిస్‌లో దాదాపు వందో వంతు. సంతలో అంతమంది అరుస్తుంటే ఒకడు మెల్లగా గొణిగినట్టు. ఆ గొణుగుడుని మాడ్యూల్ తనకి తెలిసిన కోడ్‌తో పోల్చి ఏరుకుంటుంది. అంత సన్నటి దాన్ని ముందు పొడుగాటి కేబుల్‌లో పోగొట్టుకుని, తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. కేబుల్‌లో పోయిన ప్రతి డీబీ శాశ్వతంగా పోయినట్టే. అదే తల దగ్గర 28 డీబీ పెంచి పంపితే, తర్వాత కేబుల్ ఆరు డీబీ మింగినా మాడ్యూల్‌కి తేడా తెలియదు. చెరువు దగ్గర పంపు పెడితే నీళ్లు పొలం చివరిదాకా వెళ్తాయి, పొలం చివర్లో పెడితే బురదే వస్తుంది.

కాబట్టి యాంటెన్నా తగిలించగానే నువ్వు చూడాల్సింది సిగ్నల్ కాదు, కరెంటు. మల్టీమీటర్ తీసుకో. యాంటెన్నా ఊడదీసి, మాడ్యూల్ కనెక్టర్ మధ్య పిన్నుకీ బయటి రింగుకీ మధ్య వోల్టేజీ చూడు. మూడు వోల్టులకి అటూ ఇటూ ఉండాలి. సున్నా ఉంటే ఆ బోర్డు మీద యాంటెన్నా కరెంటు లైను వేయలేదన్నమాట. అప్పుడు యాక్టివ్ యాంటెన్నా తగిలిస్తే పాసివ్ కన్నా ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే చచ్చిన యాంప్లిఫయర్ అడ్డంగా కూర్చుంటుంది. వోల్టేజీ ఉంటే, ఇప్పుడు యాంటెన్నా తగిలించి మళ్లీ చూడు. కొంచెమే తగ్గాలి. ఆ లైన్లో మామూలుగా ఒక 10 ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. దాని రెండు చివర్ల మధ్య 0.1 వోల్టు కనపడితే 10 మిల్లీఆంపులు పోతున్నాయి, యాంటెన్నా బతికే ఉంది. 5 నుంచి 20 మిల్లీఆంపుల మధ్య ఏదైనా మంచిదే. ఏమీ లేకపోతే ఎక్కడో తెగింది. మీటర్లో మూడు వోల్టులు కాస్తా 0.2 కి పడిపోతే షార్ట్.

ఆ షార్ట్ గురించి ఒక మాట. చాలా ఏళ్ల కిందట ఒక బోటుకి నేనే కేబుల్ కోసి ఎస్ఎంఏ అనే మర కనెక్టర్ వేశాను. కేబుల్ లోపల చుట్టూ ఉండే అల్లిక వైర్లలో ఒక్క పోగు, వెంట్రుక కన్నా సన్నది, లోపలికి వంగి మధ్య పిన్నుని తాకింది. బయటికి అంతా తళతళలాడుతూ ఉంది. మాడ్యూల్ వేడెక్కింది, శాటిలైట్ ఒక్కటీ లేదు. మాడ్యూల్ మార్చాను, యాంటెన్నా మార్చాను, కనెక్టర్ మాత్రం నేను వేసిందే కదా అని దాని జోలికి పోలేదు. మూడో రోజు మీటరు పెట్టి చూస్తే తెలిసింది. అప్పటికే యాంటెన్నాకి కరెంటు పంపే లైనులోని కాయిల్ మాడిపోయింది, ఎందుకంటే ఆ బోర్డు చేసినవాడు 10 ఓమ్ రెసిస్టర్ మిగుల్చుకున్నాడు. నువ్వు సొంతంగా బోర్డు వేస్తే ఆ రెసిస్టర్ తప్పకుండా పెట్టు. దాని తర్వాత 27 నానోహెన్రీల కాయిల్. అది కరెంటుని పోనిచ్చి, సిగ్నల్‌ని వెనక్కి పోనివ్వదు. మామూలు కాయిల్ వేస్తే పనిచేయదు, ఈ ఫ్రీక్వెన్సీ కోసం చేసిందే వేయాలి. యాంటెన్నా కనెక్టర్ నుంచి మాడ్యూల్ పిన్ను దాకా గీత వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా లాగు. మామూలు 1.6 మిల్లీమీటర్ల బోర్డు మీద 50 ఓమ్స్ రావాలంటే గీత దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పుండాలి, కింద మొత్తం గ్రౌండ్ ఉండాలి. సెంటీమీటరు లోపు పొడవైతే దీని గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు.

కనెక్టర్ల దగ్గర ఇంకో రెండు ఉచ్చులున్నాయి. మాడ్యూల్ మీద ఉండే ఆ చిన్న బొత్తాం కనెక్టర్‌ని తయారుచేసిన కంపెనీయే ముప్పైసార్లు పెట్టి తీయడానికి అని లెక్కిస్తుంది. అంటే ఆడుకుంటూ రోజూ పీకి పెడితే నెలకే వదులవుతుంది. ఒక పొట్టి తోక కేబుల్ శాశ్వతంగా తగిలించి, రెండో చివర ఉన్న ఎస్ఎంఏ దగ్గరే తీయడం, పెట్టడం చేసుకో. రెండోది, వైఫై రౌటర్ యాంటెన్నాల కనెక్టర్ కూడా ఎస్ఎంఏలాగే ఉండి, మర బాగానే బిగుస్తుంది, కానీ మధ్యలో పిన్ను తిరగేసి ఉంటుంది. అటువైపు గుంట, ఇటువైపు గుంట. గట్టిగా బిగించి, లోపల ఏదీ దేన్నీ తాకలేదని గంటల తరబడి తెలుసుకోలేకపోయినవాళ్లని చూశాను. బిగించే ముందు రెండింటిలోకీ తొంగి చూడు, ఒకదాంట్లో సూది, ఇంకొకదాంట్లో గుంట ఉండాలి.

ఇప్పుడు మీ మిద్దె మీద పన్నెండు, బోటు మీద నాలుగు ఎందుకో చెబుతా. మిద్దె మీద యాంటెన్నా ఎక్కడ పెట్టావో నువ్వు రాయలేదు. కానీ అడుగున అయస్కాంతం ఉంది కాబట్టి ఏ ఇనుప రేకు మీదో, నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు మీదో అంటించి ఉంటావు. చేతికి అయస్కాంతం వస్తే ఎవరైనా ఇనుమే వెతుకుతారు. బోటు మొత్తం ఫైబర్. అక్కడ అతుక్కోక, టేపు వేసి అంటించి ఉంటావు. అదే తేడా. ఆ పింగాణీ బిళ్లకి కింద లోహపు పళ్లెం కావాలి. పళ్లెం లేకపోతే సగం బలం పోతుంది, ఫ్రీక్వెన్సీ కూడా కాస్త పక్కకి జరుగుతుంది. 25 మిల్లీమీటర్ల బిళ్లకి కనీసం 7 సెంటీమీటర్ల చదరం, 10 అయితే ఇంకా మంచిది. నేను మొదటిసారి ఒక ఫైబర్ బోటు మీద ఈ సంగతి పరీక్షించింది ఇడ్లీలు తిన్న స్టీలు ప్లేటుతో. ప్లేటు కింద పెట్టగానే అంకెలు లేచాయి. స్టీలుకి అయస్కాంతం అతుక్కోకపోయినా పర్వాలేదు, కరెంటు పారే లోహమైతే చాలు. శాశ్వతంగా పెట్టాలంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ముక్క కోయించుకో, మామూలు ఇనుము మన ఉప్పు గాలికి ఆరు నెలల్లో పొక్కులు లేస్తుంది.

యాంటెన్నా ఫైబర్ పైకప్పు కింద ఉన్నా పర్వాలేదు, ఫైబర్ గుండా సిగ్నల్ బాగానే వస్తుంది. వర్షం పడి కప్పు మీద నీటి పొర నిలిస్తే కొంచెం తగ్గుతుంది. కానీ కప్పుకి అల్యూమినియం పూత వేసినా, పైన సోలార్ పలక పెట్టినా, చేపల ఐసు పెట్టె రేకు అడ్డమున్నా ఇక ఆశ వదులుకోవాల్సిందే. పక్షులు వాలకుండా వేసే ఇనుప వల కూడా అంతే. లోహం పైన ఉంటే శత్రువు, కింద ఉంటే మిత్రుడు.

ప్రకాశం వైపు చీమకుర్తి గ్రానైట్ లారీల ట్రాకర్లు చూసేవాళ్లకి ఇంకో రకం బాధ. క్వారీ గుంత అడుగున నిలబడితే ఆకాశం ఒక కిటికీలా కనపడుతుంది. కోసిన రాతి గోడల మీద పడి సిగ్నల్ వెనక్కి వస్తుంది, లారీ గోడలోకి దూరిపోయినట్టు మ్యాపులో చుక్క కనపడుతుంది. అక్కడ ఎంత ఖరీదైన యాంటెన్నా పెట్టినా ఆకాశం పెరగదు. బోటుకి ఆ ఇబ్బంది లేదు, సముద్రం మీద నలుదిక్కులా ఆకాశమే. అందుకే నీకు నాలుగే శాటిలైట్లు వస్తున్నాయంటే లోపం ఆకాశంలో లేదని నేను గట్టిగా చెప్పగలను.

వీహెచ్ఎఫ్ సంగతి. సముద్రపు వీహెచ్ఎఫ్ 156, 157 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దానికి పదింతలు వేసి చూడు, 1560, 1570. సరిగ్గా మన జీపీఎస్ పక్కన. సెట్ నుంచి పదో హార్మోనిక్, అంటే ఆ పదింతల ఫ్రీక్వెన్సీ, చాలా సన్నగా వస్తుంది, కానీ మనం వినేది అంతకన్నా కోట్ల రెట్లు సన్నటి గొణుగుడు కదా. దానికి తోడు 25 వాట్ల సెట్ పక్కనే అరిస్తే యాంటెన్నాలోని యాంప్లిఫయర్ చెవులు గళ్లుపడతాయి. మందు ఒకటే, దూరం. రెండు యాంటెన్నాల మధ్య కనీసం ఒక మీటరు, వీలైతే రెండు. జీపీఎస్ యాంటెన్నా వీహెచ్ఎఫ్ కడ్డీతో సమానంగా నిలబడకుండా, దాని కన్నా కిందగా ఉంచు. దాని ఎత్తు పెంచాల్సిన పని లేదు, చుట్టూ ఆకాశం కనపడితే చాలు. వీహెచ్ఎఫ్ కేబుల్‌నీ, దీని కేబుల్‌నీ ఒకే కట్టలో కట్టకు.

మాట్లాడనప్పుడు కూడా అంకెలు తక్కువగా ఉంటే రాత్రి వేట లైట్ల మీద అనుమానపడు. చౌక ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు, పన్నెండు వోల్టులు ఐదుకి దించే చిన్న కన్వర్టర్లు వెడల్పాటి రొద చేస్తాయి. నీ లాగర్ లోపలే అలాంటి కన్వర్టర్ ఒకటి ఉండి ఉంటుంది, యాంటెన్నా దాని పక్కనే ఉంటే ఇంకేం కావాలి. అన్నీ ఆపేసి, ఒక బ్యాటరీతో మాడ్యూల్ మాత్రం నడిపి అంకెలు రాసుకో. తర్వాత ఒక్కొక్కటే వెయ్యి. ఏది వేసినప్పుడు పడిపోతే దొంగ అదే.

అంకెలు అంటే ఏవి అనుకుంటావు, చెబుతా. మాడ్యూల్ పంపే వాక్యాల్లో జీఎస్‌వీ అనేది ఒకటుంటుంది. ప్రతి శాటిలైట్‌కి నంబరు, ఎత్తు కోణం, దిక్కు, బలం అని నాలుగు అంకెలు. చివరిది చూడు. ఆకాశంలో బాగా పైనున్న వాటికి 40 దాటితే బాగున్నట్టు, 45 పైన ఉంటే పండగే. పైనున్నవి కూడా 30 దగ్గర కొట్టుకుంటుంటే యాంటెన్నా వైపు లోపం. "ఎన్ని శాటిలైట్లు" అనే లెక్క మీద ఆధారపడకు, అది గంటగంటకీ మారుతుంది.

ఇందులో నాకు బాగా ఇష్టమైన చిట్కా ఒకటుంది. జీపీఎస్ లెక్కని సరిదిద్దే మన గగన్ శాటిలైట్లు ఈ వాక్యాల్లో 40, 41, 45 నంబర్లతో కనపడతాయి. ఇవి భూమితో పాటే తిరుగుతాయి కాబట్టి మనకి ఆకాశంలో కదలవు. 41 నంబరుది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, నెల్లూరు తీరం నుంచి చూస్తే దక్షిణం వైపు 70 డిగ్రీలు దాటిన ఎత్తులో, దాదాపు నెత్తిమీదే. మిగతా జీపీఎస్ శాటిలైట్లు లేస్తూ మునుగుతూ ఉంటాయి, ఉదయం కొలిచిందీ సాయంత్రం కొలిచిందీ పోల్చలేం. గగన్‌ది అలా కాదు. కింద పళ్లెం పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత, కేబుల్ మార్చాక ఎంత అని దాన్నే కొలబద్దగా పెట్టుకో. ఎక్కువ మాడ్యూళ్లలో గగన్ పట్టుకునే సదుపాయం ఉంటుంది, సెట్టింగులో ఆన్ చేయాల్సి రావచ్చు. మూడింటిలో ఏది కనపడితే దాన్నే వాడుకో.

ఇక నావిక్ ఎందుకు కనపడలేదు అంటావా. మొదటి శాటిలైట్ 2013 జులై 1న శ్రీహరికోట నుంచే లేచింది. మన మిద్దెల మీద నిలబడి చూసిన రాకెట్ అది. మన ముంగిట్లోంచి ఎగిరింది మన మాడ్యూల్లో కనపడకపోతే మనసుకి గుచ్చుకుంటుంది, నాకు తెలుసు. కారణం మాత్రం చాలా మామూలుది. నావిక్ మొదటి తరం శాటిలైట్లు జీపీఎస్ వాడే ఎల్1 లో పలకవు. ఎల్5 లో, అంటే 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇంకా ఎస్ బ్యాండ్‌లో పలుకుతాయి. నీ అయస్కాంతం యాంటెన్నా 1575 కోసం చేసింది. లోపలున్న ఫిల్టర్ మిగతావన్నీ బయటికి తోసేస్తుంది, అది దాని పని. మాడ్యూల్‌కి ఎల్5 వినడం వచ్చినా, తలుపు దగ్గరే ఎల్5 ని ఆపేస్తున్నావు. ఎల్1, ఎల్5 రెండూ రాసున్న యాంటెన్నా కొను. దాని బిళ్ల మందంగా ఉంటుంది, లేదంటే రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ధర కూడా ఎక్కువే. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి ఎల్1 కూడా మొదలైంది, కానీ దాని కోడ్ వేరు, మాడ్యూల్‌కి ఆ కోడ్ తెలిసుండాలి. నా సలహా అడిగితే, చేపల వేటకి నావిక్ ఒక్కదాని మీదే కూర్చోకు. జీపీఎస్, రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో, నావిక్ అన్నీ ఆన్ చేసుకో. గ్లోనాస్ 1602 దగ్గర ఉంటుంది, ఒట్టి జీపీఎస్ యాంటెన్నా అయితే అది కూడా బలహీనపడుతుంది. కాబట్టి యాంటెన్నా కొనేటప్పుడు "ఎన్ని డీబీ గెయిన్ (పెంపు)" కన్నా ముందు "ఏ ఫ్రీక్వెన్సీలు" అని అడుగు.

పన్నెండు మీటర్ల కేబుల్. ఆ యాంటెన్నాతో వచ్చే సన్నటి నల్ల కేబుల్ ఆర్‌జీ-174. ఈ ఫ్రీక్వెన్సీలో అది మీటరుకి 1.2 డీబీ దాకా తింటుంది. పన్నెండు మీటర్లకి 14 పైన. యాంటెన్నా గెయిన్ 28 అయితే మిగిలేది 13, 14. మామూలుగా మాడ్యూల్ దగ్గరికి 15 నుంచి 20 డీబీ మిగిలి చేరాలి. అంటే అంచున ఉన్నావు, ఒక కనెక్టర్ చిలుము పట్టినా పడిపోతావు. ఆర్‌జీ-58 అయితే మీటరుకి ముప్పావు డీబీ, పన్నెండుకి 9, మిగిలేది 19. బోటుకి ఇదే వాడు, అల్లిక తగరం పూత రాగిది చూసి తీసుకో.

టీవీ డిష్ వాళ్లు వాడే ఆర్‌జీ-6 గురించి అడిగేవాళ్లు ఉంటారు. అది 75 ఓమ్స్, మనది 50. "కలవదు" అని పుస్తకాలు చదివినవాళ్లు అంటారు. ఆ తేడా వల్ల పోయేది 0.2 డీబీ లోపే. కేబుల్‌లో పోయేది మీటరుకి పావు డీబీ. మిద్దె మీద యాంటెన్నా పెట్టి కింద గదిలో మాడ్యూల్ ఉంచేవాళ్లకి అంతకన్నా చవకైనదీ మంచిదీ దొరకదు, నేను వాడుతున్నాను కూడా. బోటుకి మాత్రం వద్దు, దాని అల్యూమినియం అల్లిక ఉప్పు తగిలితే తెల్లపొడి అయిపోతుంది. ఇంకో హెచ్చరిక. ఇంట్లో ఉన్న డిష్ లైనులో, స్ప్లిటర్‌లో దీన్ని కలపకు. సెట్‌టాప్ బాక్స్ ఆ వైరులో 13, 18 వోల్టులు పంపుతుంది, మూడు వోల్టుల యాంటెన్నా గుప్పుమంటుంది.

కానీ తమ్ముడూ, నన్నడిగితే అసలు ఈ పన్నెండు మీటర్ల కేబుల్ పెట్టకు. సిగ్నల్‌ని కిందికి లాగడం కన్నా మాడ్యూల్‌నే పైకి పంపడం తేలిక. యాంటెన్నా కిందే ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మాడ్యూల్ పెట్టి, కరెంటూ డేటా నాలుగు తీగల్లో కిందికి తీసుకురా. డేటాని నేరుగా లాగకుండా, దూరం మోయడానికి చేసిన ఆర్‌ఎస్-485 బోర్డు రెండు వైపులా ఒక్కొక్కటి వెయ్యి. 9600 వేగానికి పన్నెండు మీటర్లు దానికి లెక్కే కాదు, ఇంజను రొద కూడా పెద్దగా తాకదు. ఆర్‌జీ-58 కేబుల్, రెండు మంచి కనెక్టర్లు, వాటిని వేసే పనిముట్టు, వీటి ఖర్చులో ఇది చేసుకోవచ్చు.

ఏది చేసినా ఉప్పుతో పోరాటం తప్పదు. చెడిపోయిన బోటు కేబుల్‌ని కోసి చూస్తే కనెక్టర్ దగ్గర ఆకుపచ్చ చిలుము కనపడుతుంది, అక్కడితో ఆగదు. దీపం ఒత్తి నూనె పీల్చినట్టు అల్లిక వైరు నీటిని లోపలికి పీలుస్తుంది. మీటరు లోపలికి కోసినా రాగి నల్లగా ఉంటుంది. కనెక్టర్ బిగించాక సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, దాన్ని కిందనుంచి పైకి చుట్టు, పైన మామూలు నల్ల టేపు. కిందనుంచి పైకి చుడితే పొరలు పెంకుటిల్లులా పడి నీరు జారిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయకు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన రాని న్యూట్రల్ రకం అడుగు. ఎం-సీల్ పెడితే మళ్లీ విప్పాలంటే సుత్తి కావాలి. కేబుల్ పెట్టెలోకి దూరే ముందు ఒక జానెడు కిందికి వేలాడేలా వంపు వదులు, నీటిచుక్క అక్కడ రాలిపోతుంది, లోపలికి పోదు.

మీ మామయ్య బోటుకి ప్రభుత్వం ఇచ్చే ఇస్రో ట్రాన్స్‌పాండర్ ఉంటే దాని జోలికి వెళ్లకు. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో మొదలైన పథకం కింద లక్ష బోట్లకి ఇవ్వాలని పెట్టుకున్నారు. ఆపదలో కబురు పంపేది అదే. దాని యాంటెన్నాకి నీ పళ్లెం నీడ పడకూడదు, దాని కేబుల్‌లోంచి స్ప్లిటర్‌తో సిగ్నల్ లాక్కోకూడదు. నీది చదువు కోసం కట్టుకున్న లాగర్, అది ప్రాణం కోసం పెట్టుకున్నది.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది కదా, బోటు ఒడ్డున ఉండే ఆ రెండు నెలల్లోనే ఇదంతా చెయ్యి. ఊగే బోటు మీద కనెక్టర్ బిగించాలని చూస్తే నీ వేళ్లే కోసుకుంటావు. టీ పీకేసి, ఒకే యాంటెన్నా, కింద పళ్లెం, వీహెచ్ఎఫ్‌కి దూరం, ఈ మూడూ చేశాక రెండు అంకెలు రాసుకో: యాంటెన్నా తాగే కరెంటు ఎన్ని మిల్లీఆంపులు, గగన్ శాటిలైట్ బలం ఎంత. వీహెచ్ఎఫ్ నొక్కినప్పుడు ఆ రెండోది ఎంతకి పడుతుందో కూడా చూడు. ఆ మూడూ ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం. పళ్లెం ఫోటో కూడా పెట్టు, ఇడ్లీ ప్లేటైనా పర్వాలేదు.